రెండు గడుల్లో ఒకే చిరునామా

ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళకి ముందు పళ్ళు కనిపించేవి.

తలుపు తీయగానే ఎదురుగా చెక్క అరలు, వాటి నిండా ప్లాస్టరు దవడలు. పై వరసలో పై దవడలు, కింది వరసలో కింది దవడలు. ప్రతిదాని వెనకా పెన్సిలుతో వేసిన నంబరు. కొన్నిటికి పళ్ళుండేవి, కొన్ని బోసిగా ఉండేవి. వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఠక్కున ఆగిపోయేవాళ్ళు. వెంటనే బ్రోకరు వెనకనుంచి అందుకునేవాడు.

"ఏం పర్లేదు, లోపలికి రండి. ఇవన్నీ పోతాయి. వీళ్ళు అద్దెకుండేవాళ్ళే, ఖాళీ చేసేస్తారు."

'వీళ్ళు' అంటూ అతను చెయ్యి ఊపే తీరులో అరలూ, అరల కింద పనిబల్లా, బల్ల ముందు స్టూలు మీద కూర్చున్న మనిషీ అన్నీ కలిసిపోయేవి.

స్టూలు మీది ఆ మనిషిని వీధిలో అందరూ పళ్ళక్క అంటారు. మూడు పళ్ళ ఆసుపత్రులకి కట్టుడు పళ్ళ సెట్లు చేసిచ్చేది ఆమే. పేషెంటు నోట్లో తీసిన అచ్చు డాక్టరు పంపిస్తాడు. అందులో ప్లాస్టరు పోస్తే దవడ తయారవుతుంది. దాని మీద గులాబీ రంగు మైనంతో చిగురు కట్టి, పళ్ళు ఒక్కొక్కటే నిలబెడుతుంది. పద్నాలుగేళ్ళుగా ఈ ముందుగదిలోనే, ఈ కిటికీ పక్కనే. ఆమె చేసిన పళ్ళతో చుట్టుపక్కల ఎంతమంది నవ్వుతున్నారో, ఎంతమంది కసురుకుంటున్నారో లెక్క లేదు. దారిలో ఎదురైనవాళ్ళ మొహం ఆమెకి తెలియదు కానీ, నోరు తెరిస్తే మాత్రం తన పని తాను గుర్తుపడుతుంది.

ఇంటాయన ఇల్లు అమ్మేస్తున్నానని చెప్పి వారమైంది. ఆ చెప్పడం కూడా అద్దె తీసుకుంటూ, నోటు మడత విప్పుతూ చెప్పాడు. "మా అమ్మాయి వాళ్ళ దగ్గర్లో ఓ ఇల్లు కొనుక్కుందామనుకుంటున్నానమ్మా. కాస్త చూడ్డానికి వచ్చేవాళ్ళుంటారు, తలుపు తీస్తూ ఉండు." ఆమె సరేనంది. అంతకంటే అనడానికి ఏముంటుందో ఆమెకి తోచలేదు.

చూడ్డానికి రావడం మొదలైన మూడోరోజు వచ్చినాయన టేపు తెచ్చుకున్నాడు. వంటింటి గోడ మీద వేలి కణుపులతో కొట్టి చూశాడు. "ఇది తీసేస్తే రెండూ కలిసి పెద్ద గది అవుతుంది," అన్నాడు.

"ఆ గోడ ఏం పాపం చేసింది నాయనా?" అంది లోపలి గదిలోంచి పళ్ళక్క అత్తగారు.

ఆయన వినిపించుకోలేదు. లోపలి గదిలోకెళ్ళి గోడనుంచి గోడకి టేపు పరిచాడు. మధ్యలో అత్తగారి మంచం ఉంది. మంచం అంచున ఆమె కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని ఉంది.

"కాస్త కాళ్ళెత్తండి మామ్మగారూ."

అత్తగారు కాళ్ళెత్తింది. ఆయన కింద నుంచి టేపు లాగి, కొలత చదివి, కాగితం మీద రాసుకున్నాడు. ఆ తర్వాత కాళ్ళు దించమని చెప్పడం మర్చిపోయాడు. అత్తగారు రెండు చేతులూ మంచం మీద ఆనించుకుని అలాగే ఉంది, ఆయన గదిలోంచి బయటికి వెళ్ళేదాకా.

పళ్ళక్క బల్ల దగ్గర్నుంచి అది చూసింది. చేతిలో వేడి కత్తి మొన మీద కరిగిన మైనం బొట్టు జారి ఆమె మునివేళ్ళ మీద పడింది. విదిలించుకోలేదు. అది గడ్డకట్టాక గోటితో ఊడదీసి, ముందు పన్ను ఒకటి వెంట్రుకవాసి లోపలికి జరిపింది.

వాళ్ళు వెళ్ళాక అత్తగారు గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"కాళ్ళెత్తమన్నాడు, సరే. ఇంకాసేపుంటే నన్నే ఎత్తి ఓ మూల పెట్టేవాడు."

"మీరెందుకు ఎత్తారత్తయ్యా?"

"ఏమో. ఎత్తమంటే ఎత్తేశాను. మనిల్లా ఏమన్నా, ఎత్తనని మొరాయించడానికి?" అని నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది. వెళ్ళి టీ పెట్టింది.

నాలుగోరోజు పొద్దున్న వచ్చింది ఒక జంట. అతను స్కూలు బస్సు నడుపుతాడు, ఆ అమ్మాయి ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ దిగి అటునుంచటే వచ్చినట్టుంది, కళ్ళ కింద నలుపు, జడ వదులైపోయింది. ఆమె కూడా గుమ్మంలో దవడల్ని చూసి ఆగింది కానీ, అందరిలా కాదు. వంగి, ఒకదాన్ని దగ్గరగా చూసింది.

"ముట్టుకోవచ్చా అక్కా?"

అంతవరకూ వచ్చినవాళ్ళలో ఆమెని ఏదైనా అడిగిన మొదటి మనిషి ఆ అమ్మాయే. పళ్ళక్క తలూపింది.

"ఇది బాగా పెద్దాయనది కదూ? ఎముక అరిగిపోయింది."

"అవును. ఇరవయ్యేళ్ళు పళ్ళు లేకుండానే గడిపాట్ట. ఇప్పుడు మనవరాలి పెళ్ళి ఫోటో కోసం కావాలంటున్నాడు."

బస్సు డ్రైవరు నీళ్ళ గొట్టాలు చూడ్డానికి పెరట్లోకి వెళ్ళాడు. బ్రోకరుకి ఫోనొస్తే వీధిలోకి వెళ్ళాడు. నర్సమ్మాయి రెండు గదులూ, వంటిల్లూ తిరిగొచ్చి, పనిబల్ల పక్కన నిలబడి గొంతు తగ్గించింది.

"అక్కా, ఒక మాట. వాళ్ళేదో చెప్తున్నారు కానీ, మాకేం తెలీదు. ఉన్నదంతా ఇందులోనే పెడుతున్నాం. మీరిక్కడ ఉంటున్నారు కదా. నిజం చెప్పండి, మీరైతే ఈ ఇల్లు కొంటారా?"

పళ్ళక్క చేతిలో పన్ను పక్కన పెట్టింది. ఆ పిల్లకి అబద్ధం చెప్పకూడదనుకుంది, అంతే. అందుకని ముందు లోపాలే మొదలుపెట్టింది. పడమటి గాలితో వాన కొడితే వంటింటి కిటికీ కింద చెమ్మ దిగుతుంది, అక్కడ బియ్యం డబ్బా పెట్టుకోకూడదు. వానాకాలం స్నానాలగది తలుపు ఉబ్బుతుంది, కాస్త పైకెత్తి తోస్తేనే పడుతుంది. పెరట్లో కుళాయి మొదటి బకెట్టు ఎప్పుడూ ఎర్రగానే వస్తుంది, రెండోది నుంచి బాగుంటుంది. పక్కింట్లో దర్జీ మెషీను తొక్కితే ఈ గోడ కొట్టుకుంటుంది.

"మొదట్లో తలనొప్పి వచ్చేది. ఇప్పుడు అది ఆగితేనే తోచదు. ఏమైంది పాపం, ఒంట్లో బాగాలేదా అనుకుంటాను."

నర్సమ్మాయి నవ్వింది. పళ్ళక్క ఆపలేదు. ఆపడం చేతకానట్టు చెప్పుకుపోయింది. ఈ కిటికీలోంచి పొద్దున ఏడున్నరకి మొదలై పదకొండుదాకా వెలుతురు పడుతుంది, ఎండ కాదు, వెలుతురు. పంటి రంగు బల్బు కింద చూస్తే తెలీదు, ఈ వెలుతురులో అయితే ఒక పిసరు పసుపున్నా కనిపిస్తుంది. మధ్యాహ్నం పెరటి మెట్టు చల్లగా ఉంటుంది, దాని మీద కూర్చుని తింటే ముద్ద ఎక్కువ దిగుతుంది. వంటింట్లో మూడో బండ కొంచెం కదుల్తుంది. చీకట్లో వెళ్ళినా కాలు దానంతటది దాన్ని దాటేస్తుంది. భర్త చనిపోయిన ఏడాది రెండు నెలలు ఈ గోడకి ఆనుకునే కూర్చుంది, ఈ గోడ ఏమీ అనలేదు, పక్కన మెషీను చప్పుడు మాత్రం వినిపిస్తూ ఉండేది.

చెప్పి ఆగింది. ఎందుకింత చెప్పానా అని సిగ్గేసింది.

"కొంటాను," అంది చివరికి. "నేనైతే కొంటాను."

"మరి కొనలేదేం?" అంది నర్సమ్మాయి.

వెటకారం కాదు, దెప్పడం కాదు. చిన్నపిల్లలు అడిగినట్టు అడిగింది. పళ్ళక్క నోరు తెరిచింది. డబ్బు లేదు అనబోయింది కానీ, ఆ మాట నిజమో కాదో ఎన్నడూ చూసుకున్నది లేదు. ఎవరూ అమ్మలేదు అనబోయింది. అమ్ముతున్నారు కదా, నాలుగు రోజులుగా తలుపు తీస్తున్నది తనే కదా.

పెరట్లోంచి డ్రైవరు వచ్చాడు, వీధిలోంచి బ్రోకరు వచ్చాడు. "ఎలా ఉంది?" అన్నాడు బ్రోకరు.

"నాకైతే నచ్చింది," అన్నాడు డ్రైవరు.

"రేపు సాయంత్రం చెప్తామండీ," అంది నర్సమ్మాయి వెంటనే. భర్త ఆమెకేసి చూశాడు. గుమ్మం దాటేముందు ఆమె వెనక్కి తిరిగి పళ్ళక్క మోచెయ్యి పట్టుకుంది. "రేపు సాయంత్రం దాకా మేమేం చెప్పం అక్కా." అని వెళ్ళిపోయింది.

ఆ రోజు పళ్ళక్క నాలుగు పళ్ళు పెట్టి, నాలుగూ తీసి, మళ్ళీ పెట్టింది. సాయంత్రం టీ తాగేటప్పుడు అత్తగారికి చెప్పింది.

"అత్తయ్యా, ఈ ఇల్లు మనమే కొంటే?"

అత్తగారు గ్లాసు కింద పెట్టింది. పెద్ద విషయం మాట్లాడాల్సి వస్తే ఆవిడ పళ్ళ సెట్టు తీసి గ్లాసులో వేసేస్తుంది, అడ్డమొస్తుందని. ఇప్పుడు టీ గ్లాసే ఉంది కాబట్టి కొంగులో చుట్టింది.

"మతుండే మాట్లాడుతున్నావా?"

"ఉండే."

"ఇళ్ళు కొనడం మనలాంటివాళ్ళ పనా అమ్మాయ్?"

"మనలాంటివాళ్ళంటే ఎవరత్తయ్యా?"

అత్తగారు ఏదో చెప్పబోయి, లేచి, పెరట్లోకి వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడు, కట్టేసిన చప్పుడు. మళ్ళీ వచ్చింది.

"నేను పుట్టింది అద్దింట్లో. పెళ్ళయ్యి వచ్చింది అద్దింట్లోకి. ఎక్కడికెళ్ళినా సామాను సర్దుకునేటప్పుడే మళ్ళీ విప్పడానికి వీలుగా కట్టేదాన్ని. ఇంకోలా కట్టడం రాదు నాకు." కొంగులో సెట్టు తడుముకుని అంది, "పొద్దున్నే వెళ్ళి అడుగు. అడిగితే ఏమవుతుంది, ఉన్న పళ్ళు ఊడతాయా? నాకైతే ఆ భయం కూడా లేదు."

ఇంటాయనకి బజారు మూల సైకిళ్ళ కొట్టుంది. పళ్ళక్క వెళ్ళేసరికి చక్రం వంకర సరిచేస్తున్నాడు. చక్రాన్ని తిప్పడం, ఎక్కడ ఊగుతుందో చూడ్డం, అక్కడున్న స్పోకు పుల్లని పావు మర బిగించడం, మళ్ళీ తిప్పడం. ఆమెని చూసి, "అద్దెకింకా టైముందిగా?" అన్నాడు.

"అద్దె కోసం కాదండి. ఇల్లు నేను కొనుక్కుంటాను."

చక్రం తిరుగుతూనే ఉంది. ఆయన దాన్ని అరచేత్తో ఆపాడు.

"నువ్వా?"

"నేనేనండి."

పరిహాసంగా నవ్వుతాడేమోననుకుంది. ఆయన నవ్వలేదు. స్టూలు మీద కూర్చుని, చేతులకంటిన నూనె గుడ్డతో చాలాసేపు తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ తుడిచాడు.

"అబద్ధమెందుకాడాలి నీతో. బ్రోకరు నన్ను మొదట అడిగాడు, తెలిసినవాళ్ళెవరైనా కొనేవాళ్ళున్నారా అని. నేను మా బావమరిదిని అనుకున్నాను, ఎదురు కొట్టాయన్ని అనుకున్నాను, ఎవరెవరినో అనుకున్నాను. నువ్వసలు నాకు గుర్తుకే రాలేదమ్మా. పద్నాలుగేళ్ళు ఒకటో తారీకంటే ఒకటో తారీకే అద్దె ఇచ్చావు. అయినా రాలేదు."

ఆ మాటకి కోపం రావాల్సింది. మొన్నటి టేపు గుర్తొచ్చి వచ్చింది కూడా. కానీ ఆమె కూడా నిజమే చెప్పింది.

"నాక్కూడా గుర్తు రాలేదండి. నిన్న ఒకమ్మాయి అడిగేదాకా."

ఆయన తలెత్తి ఆమెని చూశాడు, ఆమె మొహం కొత్తగా ఉన్నట్టు. "బ్యాంకువాళ్ళు ఇస్తారా నీకు?"

"తెలీదు. ఇస్తే కొంటాను. ఇవ్వకపోతే మీరు చెప్పిన రోజుకి ఖాళీ చేస్తాను."

"మూడు వారాలాగుతాను. ఆ డ్రైవరు వాళ్ళకి చెప్పిన ధరే నీకూ. తగ్గించను."

"తగ్గించమని నేనడగలేదుగా," అంది పళ్ళక్క.

అంతా అయ్యాక ఆ వాక్యం తన నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకి అర్థం కాలేదు. ఇంటికొచ్చే దారిలో ఒక అరుగు మీద కూర్చుని కొంగుతో మెడ తుడుచుకుంది. ఆ సాయంత్రమే నర్సమ్మాయి, తమకి ఈ ఇల్లు వద్దని బ్రోకరుకి చెప్పేసిందని తెలిసింది. బ్రోకరు వీధి మధ్యలో నిలబడి ఎవరినో ఫోన్లో తిడుతున్నాడు. ఎవరిని తిడుతున్నాడో గాని, చూపు మాత్రం ఈ కిటికీ మీదే ఉంది.

ఆ మూడు వారాలు ఎలా తిరిగిందో ఆమెకే తెలియాలి. జీతం కాగితం లేదంటే ఒక బ్యాంకువాళ్ళు కాగితాలు చూడకుండానే వెనక్కి నెట్టారు. రెండో బ్యాంకువాళ్ళు మూడు ఆసుపత్రుల నుంచీ ఉత్తరాలు తెమ్మన్నారు. పెద్ద డాక్టరు ఉత్తరం రాస్తూ రాస్తూ ఆగి, "ఏం రాయమంటావు? ఈవిడ పని మానేస్తే నేను ఆసుపత్రి మూసుకోవాలి అని రాయనా?" అన్నాడు. "అంత వద్దండి, పని చేస్తోందని రాయండి చాలు," అంది. ఆయన మాత్రం తాను రాయాలనుకున్నదే రాసి, సంతకం కింద రెండు గీతలు గీశాడు.

చివరికి బ్యాంకునుంచి ఒకాయన ఇల్లు చూడ్డానికి వచ్చాడు. వస్తానన్న టైముకి కాదు, గంట ముందు. సరిగ్గా పళ్ళక్క మైనం తీసేసి దాని చోట నింపే అసలు చిగురు కలిపే సమయానికి.

ఆ పనికి ఒక ఘడియ ఉంటుంది. గులాబీ పొడీ ద్రవమూ కలిపితే మొదట తడి ఇసుకలా ఉంటుంది, తర్వాత వేలికి తీగ సాగుతుంది, తర్వాత ఒక్కసారిగా వేళ్ళకంటడం మానేసి ముద్దవుతుంది. అప్పుడే అచ్చుపెట్టెలో కూరి మర బిగించాలి. ముందైతే కారిపోతుంది, తర్వాతైతే రాయి.

"నమస్కారం సార్, ఒక్క ఐదు నిమిషాలు నిలబడండి. ఇది ఆగదు," అంది తలెత్తకుండా.

అత్తగారు వంటింటి గుమ్మంలో నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. బ్యాంకాయన చేతిలో ఫైలుతో నిలబడ్డాడు. కూర్చోడానికి కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఆమె గిన్నె మూత తీసి ముద్దని వేలితో తాకింది, ఇంకా తీగ. మూత పెట్టింది. ఊపిరి లెక్కపెట్టుకుంది. మళ్ళీ తాకింది. ఇప్పుడు అంటలేదు. ఆ తర్వాత ఆమె చేతులు ఎంత త్వరగా కదిలాయంటే, ఆయన ఫైలు చంకలో పెట్టుకుని ఒకడుగు దగ్గరికొచ్చాడు. ముద్ద తీసి, నాలుగు మూలలా వొత్తి, పైపెట్టె మూసి, మర తిప్పింది. పెట్టె అంచుల్లోంచి గులాబీ పొర సన్నగా పైకొచ్చింది. అప్పుడు గాని ఆమె తలెత్తలేదు.

"ఇప్పుడు చెప్పండి సార్."

"ఇందాక మీరది వదిలేసి నాతో మాట్లాడుంటే?"

"పద్నాలుగు పళ్ళూ పారెయ్యాల్సిందే. ఎవరిదో పెద్దాయన సెట్టు ఇది. ఇంకో వారం ఆయన అన్నీ నమలకుండా మింగాలి."

బ్యాంకాయన గోడలు చూశాడు, కిటికీలు చూశాడు, పెరడు చూశాడు. లోపలి గదిలో, మంచం మీదికి చేరిన అత్తగారి ముందు ఆగి, "మీరు కూర్చోండి పర్లేదండీ, నేను ఇట్నుంచి కొలుస్తాను," అన్నాడు. వెళ్ళేటప్పుడు ఏం రాసుకున్నాడో చెప్పలేదు. అతను వీధి మలుపు తిరిగేదాకా ఊపిరి బిగపట్టుకుని, అత్తగారు విరుచుకుపడింది.

"బ్యాంకాయన్ని నిలబెడతావా! అప్పిచ్చే మనిషిని! నీ చేతులు కాసేపు ఆగితే ఏం పోయింది?"

"పళ్ళు పోయేవి," అంది పళ్ళక్క.

అప్పు మంజూరైందని ఎనిమిదోరోజు కబురొచ్చింది.

రిజిస్ట్రేషను ఆఫీసులో గుమాస్తా ముక్కు మీదికి కళ్ళజోడు దించుకుని కాగితం చూస్తున్నాడు. బల్లకి అటువైపు ఇంటాయన, ఇటువైపు ఆమె, పక్కన అత్తగారు. అత్తగారు ఆరోజు కొత్త చీర కట్టింది, సెట్టు రెండుసార్లు తోముకుంది.

గుమాస్తా కలం ఒక గడి దగ్గర ఆగింది. "ఇదేంటమ్మా? కొనేవారి ప్రస్తుత చిరునామా అన్న గడిలో, కొంటున్న ఇంటి చిరునామా రాశారు. ఇక్కడ మీరిప్పుడు ఉంటున్న ఇంటిది రాయాలి." కొట్టేయడానికి కలం ఆనించాడు.

"కొట్టేయకండి. అదే."

"అదే అంటే?"

"నేనుంటున్నదీ అదేనండి. కొంటున్నదీ అదే."

గుమాస్తా ఆమెని చూసి, ఇంటాయన్ని చూసి, మళ్ళీ రెండు గడులూ చూశాడు. ఇంటాయన అవునన్నట్టు తలూపాడు. "ఇరవయ్యేడేళ్ళ సర్వీసులో ఇలా రెండు చోట్లా ఒకటే రాసింది చూళ్ళేదమ్మా," అని, కొట్టేయకుండా పక్క గడిలోకి వెళ్ళాడు. ఆమె సంతకం పెట్టింది. ఆరు చోట్ల పెట్టాలి. పంటి మీద గీత గీసినంత జాగ్రత్తగా పెట్టింది. వేలిముద్ర సిరా తుడుచుకోడానికి ఇంటాయన తన రుమాలిచ్చాడు.

ఇంటికి వచ్చారు. తాళం తీశారు. అదే తాళం, అదే చెవి. అత్తగారు కొత్త చీర విప్పి మడత పెట్టింది. పళ్ళక్క స్టూలు మీద కూర్చుంది. అరల మీద దవడలు ఎప్పట్లాగే ఉన్నాయి. పక్కింట్లో మెషీను మొదలైంది.

"అంతేనా?" అంది అత్తగారు.

"అంతే అత్తయ్యా."

"ఏదో ఉంటుందనుకున్నాను."

పళ్ళక్క కూడా అదే అనుకుంటోంది. సంతోషం లేదని కాదు. ఉంది, కానీ ఎక్కడ పెట్టాలో తెలీని సామానులా ఉంది. కళ్ళలో నీళ్ళొస్తే బాగుండుననిపించింది. రాలేదు. కొత్త ఇల్లు కొన్నవాళ్ళు గదులు తిరిగి చూసుకుంటారు. తనేం చూసుకోవాలి? ఎక్కడ చెమ్మ దిగుతుందో కూడా తెలిసిన ఇల్లు. దర్జీ భార్య గోడ మీంచి, "అయితే ఎప్పుడు మారుతున్నారక్కా?" అనడిగింది. అలవాటుగా నోటికొచ్చిన మాట. అడిగాక తనే నాలిక్కరుచుకుంది.

అత్తగారు మాత్రం ఆ మాట పట్టుకుంది.

"అదీ. మారలేదు, అందుకే ఇలా ఉంది. ఇల్లు కొన్నాక మారాలా వద్దా?"

"ఎక్కణ్ణుంచి ఎక్కడికి మారతాం అత్తయ్యా?"

"అద్దింటి నుంచి సొంతింటికి. రేపు ఆదివారం. పొద్దున్నే లే."

మర్నాడు ఏడింటికి అత్తగారు ముందు చాపా, దిండూ తీసుకెళ్ళి వీధిలో పెట్టింది. పళ్ళక్క మొదట నవ్వింది. తర్వాత చూస్తే ముసలావిడ నీళ్ళబిందె మోసుకొస్తోంది. లేచి తనూ పట్టింది. గిన్నెలు, డబ్బాలు, మంచం, బట్టలు. దవడలు నంబర్ల వరసలో తట్టల్లో సర్ది, తట్టకో గుడ్డ కప్పి, ఒక్కొక్కటే బయటికి తెచ్చింది. పనిబల్లా, చెక్క అరలూ దర్జీ వచ్చి పట్టించాడు, ఇనప బీరువా ముగ్గురూ కలిసి జరుపుకుంటూ లాగారు. తొమ్మిదయ్యేసరికి ఇంటి సామానంతా రోడ్డు మీద ఉంది, మధ్యలో కుర్చీలో అత్తగారు.

వీధి ఒక్కసారి గుమిగూడింది. మూలింటావిడ గుండెలు బాదుకుంటూ వచ్చింది. "అయ్యో, వెళ్ళగొట్టేశారా? ఆదివారం పూటా? ముసలావిణ్ణి ఇలా రోడ్డు మీద కూర్చోబెట్టి!"

సరిగ్గా అప్పుడే ఇంటాయన పాత కరెంటు కాగితాలు ఇద్దామని సైకిలు మీద వచ్చాడు. మూలింటావిడ సైకిలు హ్యాండిలు పట్టేసుకుంది. "మీకు మనసెలా వచ్చిందండీ? పద్నాలుగేళ్ళున్న మనుషుల్ని!"

"నేనేం చేశానమ్మా? ఇల్లు వాళ్ళదే!"

"వాళ్ళదైతే బయటెందుకు కూర్చుంటారు?"

కుర్చీలో అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని భుజాలు కదిలేలా నవ్వుతోంది. చివరికి చెయ్యెత్తి, "ఆయన్నేమనకమ్మా. మేం ఇల్లు మారుతున్నాం. ఇందులోంచి ఇందులోకి," అంది. అర్థం కావడానికి వీధికి కాస్త టైము పట్టింది. ముందు దర్జీకి అర్థమైంది, పెద్దగా నవ్వాడు. తర్వాత అందరూ.

ఈ గోలలో పళ్ళక్క లోపలికి వెళ్ళింది. ఒక్కతే.

ఆ గదిని ఖాళీగా ఆమె ఒక్కసారే చూసింది, వచ్చిన రోజు. అప్పుడు ఎదురుగా ఇంటాయన నిలబడి ఏం చెయ్యకూడదో చెబుతున్నాడు, గది కనిపించలేదు. ఇప్పుడు కనిపించింది. అరలున్న చోట గోడ మరో రంగులో ఉంది. మంచం కింది నేల కొత్తగా మెరుస్తోంది. అడుగు తీసి అడుగేస్తే గది పలుకుతోంది. లోపలి గదిలో కిటికీ పక్కన ఇంత చోటుందా? ఈ మూల ఇంత లోతా? వేళ్ళతో గోడని ఈ చివర్నుంచి ఆ చివరికి రాస్తూ నడిచింది, అచ్చు మీద ఎగుడుదిగుళ్ళు చూసుకున్నట్టు. వంటింట్లో కదిలే బండ దగ్గర కాలు అలవాటుగా పైకి లేచింది. ఆమె ఆగింది. కాలు దించి, దాని మీదే నిలబడింది. బండ అటు ఇటు ఊగింది. దీన్ని బాగుచేయించాలి అనుకుంది. ఎవరిని అడగాలి అన్న ఆలోచన వెంటనే వచ్చింది. ఎవరినీ అక్కర్లేదన్నది ఆ వెనకే వచ్చింది. అప్పుడొచ్చాయి కళ్ళలో నీళ్ళు.

బయటినుంచి హారన్ వినిపించింది. మలుపు దగ్గర పసుపు బస్సు ఆగింది, డ్రైవరూ నర్సమ్మాయీ దిగారు. సర్వీసింగుకి తీసుకెళ్తూ ఇటు వచ్చారట. "మీకింకా కుదర్లేదా?" అనడిగింది పళ్ళక్క, మొహం తుడుచుకుంటూ. "రెండు చూశాం. ఒకటి బాగుంది కానీ చీకటి," అంది నర్సమ్మాయి. "వెలుతురు చూసుకోవాలని మీరే నేర్పారుగా. ఇప్పుడు మా ఆయన ప్రతి ఇంట్లోనూ కిటికీ దగ్గర నిలబడి గోళ్ళు చూసుకుంటున్నాడు."

అందరూ తలో చెయ్యీ వేశారు. వెళ్ళగొట్టారనుకుని వచ్చినవాళ్ళే లోపలికి మోస్తున్నారు. మూలింటావిడ దవడల తట్ట పట్టుకుని, "ఇందులో నావి ఉన్నాయా?" అని వెతుక్కుంటోంది. ఇంటాయన సైకిలు గోడకి ఆనించి, చెప్పులు గుమ్మం బయట విప్పాడు.

అన్నిటికంటే బరువైంది ఇనప బీరువా. దర్జీ ఒక వైపు, డ్రైవరు ఒక వైపు, వెనక నర్సమ్మాయి, ముందు ఇంటాయన. ఎలాగో గుమ్మం దాటించి లోపలి గది మధ్యకి తెచ్చారు. నలుగురికీ చెమటలు కారుతున్నాయి.

"ఎక్కడ పెట్టమంటావమ్మా?" అన్నాడు ఇంటాయన, వగరుస్తూ.

పళ్ళక్క అత్తగారి వైపు చూసింది. "మీరు చెప్పండత్తయ్యా."

"నన్నడుగుతావేం? కాగితం మీద సంతకం ఎవరిది?"

పళ్ళక్క గది మధ్యకొచ్చింది. ఒక మూల చూసింది. కిటికీ చూసింది. అక్కడైతే పొద్దుటి వెలుతురు ఆగిపోతుంది. తలుపు పక్కనైతే తలుపు పూర్తిగా తెరుచుకోదు. ఎదురుగోడకి వెళ్ళి, జానతో కొలిచి, వెనక్కొచ్చి, తల పక్కకి వంచి మళ్ళీ చూసింది.

"తొందరగా చెప్పక్కా, చేతులు పడిపోతున్నాయి," అన్నాడు దర్జీ.

"అయితే కాసేపు కింద పెట్టండి," అంది పళ్ళక్క. "నేనింకా చూస్తున్నాను."